చేతులు మారిన కారు, చిరునామా లేని ప్లగ్గు

నెల్లూరు, ఒంగోలు రెండూ పదహారో నంబరు జాతీయ రహదారి మీది ఊళ్ళు. చెన్నైలో ఒకరు వాడి వదిలేసిన కారు ఇక్కడ మరొకరి వాకిట్లో తేలడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు ఆ వరుసలో విద్యుత్ కార్లూ చేరాయి. కొనేవాళ్ళు బ్యాటరీ ఎంత మిగిలిందో అడుగుతారు, టైర్లు తడుముతారు, తిరిగిన కిలోమీటర్లు చూసి పెదవి విరుస్తారు. చివర్లో పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీ మనిషి డిక్కీ తెరిచి, సంచిలో చుట్టచుట్టి ఉన్న నల్లటి కేబుల్‌ను చూపించి, "చార్జర్ కూడా ఉంది సార్" అంటాడు. దాని గురించి ఎవరూ ఇంకేమీ అడగరు.

ఈ వ్యాసం ఆ సంచి గురించి. అందులోని కేబుల్ గానీ, దాని చివర తగిలించే చిన్న అడాప్టర్ గానీ ప్రమాదకరమని, వాడకం ఆపి తిరిగి ఇవ్వాలని తయారీ కంపెనీ ఒకనాడు ప్రకటించిందనుకుందాం. ఆ కబురు ఎవరికి చేరుతుంది? కొత్తది ఎవరికి ఇవ్వాలి? కారు మొదటి యజమాని దగ్గరే ఉంటే ఇవి పెద్ద ప్రశ్నలు కావు. చేయి మారిన తర్వాతే చిక్కుముడి పడుతుంది.

చార్జర్ అని మనం పిలిచేది చార్జర్ కాదు

మొదట పేర్లు సరిచూసుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చే చట్టం గొడవంతా పేర్ల మీదే నడుస్తుంది. ఇంట్లో వచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీకి కావలసింది డీసీ. ఒకదాన్ని మరొకటిగా మార్చే అసలు చార్జర్ కారులోపలే బిగించి ఉంటుంది. డిక్కీలోని కేబుల్ కరెంటును కారు దాకా మోసుకెళ్తుంది. దాని మధ్యలో ఇటుకలా కనిపించే పెట్టె ఎర్తింగు సరిగా ఉందా, కరెంటు లీకవుతోందా అని చూసి, కారుతో మాట్లాడి, ఎంత కరెంటు లాగవచ్చో చెబుతుంది. కారువైపు చివర ఉండే ఏడు పిన్నుల కనెక్టర్‌ను టైప్ 2 అంటారు. గోడవైపు చివర సాధారణంగా పదిహేను ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది.

అడాప్టర్ వీటన్నింటికంటే చిన్నది. ఒక రకం ప్లగ్గును మరో రకం సాకెట్టులో పట్టించే తోక అది. కొన్ని కంపెనీలు కారుతో పాటే ఇస్తాయి, కొన్ని విడిగా అమ్ముతాయి, మిగతావి ఆన్‌లైన్ అంగళ్ళలో పేరూ ఊరూ లేకుండా దొరుకుతాయి. పరిమాణంలో చిన్నదే గానీ, కారు లాగే కరెంటు మొత్తం దాని గుండానే పోవాలి.

గీజరు తట్టుకున్న సాకెట్టు కారును ఎందుకు తట్టుకోదు

"మా సాకెట్టుకు ఏమీ కాదు, పదేళ్ళుగా గీజరు నడుస్తోంది" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల లోపే లాగుతుంది, అదీ పది పదిహేను నిమిషాలు. కారు కేబుల్ పదిహేను ఆంపియర్లు లాగుతుంది, ఎనిమిది గంటల పాటు, ఇంటిల్లిపాదీ నిద్రపోయే వేళ.

రెండు లోహాలు కలిసే చోట ఎంతో కొంత నిరోధం ఉంటుంది. అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది. శుభ్రంగా, బిగువుగా ఉన్న పిన్ను దగ్గర నిరోధం ఓమ్‌లో వెయ్యోవంతు అనుకుంటే, పదిహేను ఆంపియర్ల దగ్గర వేడి పావు వాట్ కూడా ఉండదు. అదే పిన్ను వదులై, తుప్పు పట్టి, నిరోధం ఓమ్‌లో పదోవంతుకు పెరిగితే 15 × 15 × 0.1, అంటే 22.5 వాట్లు. ఎలక్ట్రానిక్స్ రిపేరు అంగట్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ ఇంచుమించు అంతే, 25 వాట్లు. అలాంటిదాన్ని ప్లాస్టిక్ డొప్పలో పెట్టి తెల్లవార్లూ వదిలేసినట్టు. అదే చెడ్డ పిన్ను దగ్గర గీజరు పుట్టించేది ఏడున్నర వాట్లు, అదీ స్నానానికి నీళ్ళు కాగేంత సేపు.

మన కోస్తాకు ఒక అదనపు తలనొప్పి ఉంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్ళలో కిటికీ ఊచలను తినేసే ఉప్పుగాలి సాకెట్టులోని ఇత్తడి రేకులనూ వదలదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో గోడే వేడెక్కి ఉంటుంది కాబట్టి, పుట్టిన వేడి పోవడానికి దారి తక్కువ. అడాప్టర్‌లో తయారీ లోపం ఉంటే ఇవి దాన్ని తొందరగా బయటపెడతాయి. లోపం లేకపోయినా ఇవి ఉంటే ప్లగ్గు మాడవచ్చు. తప్పు ఎవరిదన్న వాదన పుట్టేది ఇక్కడే.

రీకాల్, వారంటీ ఒకటి కావు

వారంటీ అమ్మకపు ఒప్పందంలో భాగం. ఇన్నేళ్ళలో, ఇన్ని కిలోమీటర్లలో పాడైతే బాగు చేస్తామన్న మాట అది. దాన్ని మొదటి యజమానికే పరిమితం చేసే షరతు పెట్టుకునే వీలు కంపెనీకి ఉంటుంది. రీకాల్ అలాంటిది కాదు. ఒక బ్యాచ్ వస్తువులో భద్రతకు ముప్పు తెచ్చే లోపం ఉందని తేలినప్పుడు, ఇంకా పాడవని వాటిని కూడా వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడం అది. దాని దృష్టి వస్తువు మీదే. వస్తువు ఎన్ని చేతులు మారినా లోపం దానితోనే ప్రయాణిస్తుంది.

అమెరికా అనుభవాలు రెండు ఇక్కడ పనికొస్తాయి. 2014 జనవరిలో టెస్లా 29,222 మోడల్ ఎస్ కార్లకు సంబంధించిన గోడ అడాప్టర్లు వేడెక్కే ప్రమాదం ఉందని రీకాల్ నమోదు చేసింది. అంతకు రెండు నెలల ముందు కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఒక ఇంటి గ్యారేజీలో మంటలు రేగాయి. కంపెనీ రెండు పనులు చేసింది. కరెంటు రాకలో తేడా కనిపిస్తే కారే తన వాడకాన్ని పావువంతు తగ్గించుకునేలా సాఫ్ట్‌వేర్ మార్చింది, వేడెక్కితే తెగిపోయే ఫ్యూజు ఉన్న కొత్త అడాప్టర్లను పోస్టులో పంపింది. అసలు "రీకాల్" అన్న మాటనే రీకాల్ చేయాలని ఈలాన్ మస్క్ అప్పట్లో విసుక్కున్నారు. కార్లు షోరూముకు రాకుండానే పని జరిగిపోయింది కదా అని ఆయన అభ్యంతరం.

రెండోది 2018 ఆగస్టులో ఫోర్డ్ చేసినది. 2012 నుంచి 2015 వరకు మోడళ్ళ విద్యుత్, ప్లగ్‌ఇన్ హైబ్రిడ్ కార్లతో ఇచ్చిన ఇంటి చార్జింగ్ కేబుళ్ళను యాభై వేలకు పైగా వెనక్కి తీసుకుంది. అరిగిపోయిన సాకెట్టులోనో, విడి సర్క్యూట్ లేని సాకెట్టులోనో పెడితే ప్లగ్గు దగ్గర విపరీతమైన వేడి పుడుతోందన్నది కారణం. అంటే మూలం ఇంటి వైరింగులో ఉంది. అయినా మార్చింది కేబుల్‌నే. కొత్త కేబుల్ ప్లగ్గులో వేడిని పసిగట్టి చార్జింగు ఆపేసే ఏర్పాటు పెట్టింది. జనం పాత సాకెట్టులు వాడతారని తెలిసినప్పుడు, దాన్ని తట్టుకోలేని కేబుల్ ఇవ్వడమూ లోపమే అన్న తర్కం ఇందులో ఉంది. గీజరు సాకెట్టుల మన దేశానికి ఈ తర్కం ఇంకా ఎక్కువ అతుకుతుంది.

మన చట్టంలో అడాప్టర్‌కు చోటెక్కడ

భారతదేశంలో 2012 జులై నుంచి కార్ల తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి నడిపిస్తోంది. చట్టబద్ధమైన రీకాల్ మాత్రం 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో, 110ఎ సెక్షన్ రూపంలో వచ్చింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. లోపం ఒక విడిభాగంలో ఉంటే, ఆ భాగం "కలిగి ఉన్న" వాహనాలన్నింటినీ వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. కంపెనీ డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా వాహనం మార్చాలి, లేదా బాగు చేయాలి. ఆదేశం దాకా రానివ్వకుండా తానే ముందు లోపాన్ని తెలిపి రీకాల్ మొదలుపెడితే జరిమానా ఉండదు. లేకపోతే నిబంధనల ప్రకారం పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు.

ఈ సెక్షన్‌ను అడాప్టర్ మీద పెట్టి చదివితే రెండు చోట్ల ముల్లు గుచ్చుకుంటుంది. డిక్కీలోని సంచిలో ఉన్న కేబుల్‌ను వాహనం "కలిగి ఉన్న" భాగమని అనవచ్చా అన్నది మొదటిది. రెండోది ఇంకా సూక్ష్మమైనది. పర్యావరణానికి గానీ, డ్రైవరుకు, కారులో కూర్చున్నవారికి, రోడ్డు వాడుకునే ఇతరులకు గానీ హాని కలిగించే లోపాల గురించి ఈ సెక్షన్ మాట్లాడుతుంది. రాత్రి రెండు గంటలకు వాకిట్లో ప్లగ్గు మాడితే హాని జరిగేది నిద్రపోతున్న ఇంటివాళ్ళకు. వాళ్ళు ఆ క్షణంలో డ్రైవర్లూ కారు, ప్రయాణికులూ కారు, రోడ్డు మీదా లేరు. విశాలంగా చదివితే ఇవి అడ్డంకులు కావని వాదించవచ్చు. అక్షరాన్ని పట్టుకుని చదివేవాడికి మాత్రం ఇవి దొరికిన సందులు.

ఆ సందులో పడినవారిని పట్టుకునే వల వినియోగదారుల రక్షణ చట్టం, 2019. దాని 20వ సెక్షన్ కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారణ జరిపి, ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకుని, కొన్నవారికి ధర తిరిగి ఇమ్మని ఆదేశించగలదు. ఇక్కడ వస్తువు కారులో భాగమా కాదా అన్న పేచీ లేదు. మూడో తాడు ప్రమాణాలది. విద్యుత్ వాహనాల చార్జింగుకు ఐఎస్ 17017 వరుస ప్రమాణాలు ఉన్నాయి. ఐఎస్ఐ ముద్ర వేసుకుని ప్రమాణానికి తగ్గట్టు లేని సరుకును వెనక్కి తీసుకోమనే అధికారం భారతీయ ప్రమాణాల సంస్థకు ఉంది. ముద్రే లేని ఆన్‌లైన్ అడాప్టర్ దగ్గర ఈ తాడు సగం తెగినట్టే.

చార్జర్ వాహనంలో భాగమా, విడి వస్తువా అన్న ప్రశ్న మన దేశంలో ఒకసారి డబ్బు రూపంలో తేలింది. సబ్సిడీకి విధించిన ధర పరిమితిలోపు స్కూటర్లను చూపించడానికి కొన్ని కంపెనీలు చార్జర్‌ను విడిగా అమ్మాయి. ప్రభుత్వం ప్రశ్నించాక 2023లో ఓలా, ఏథర్, టీవీఎస్, హీరో విడా ఆ డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించాయి. చార్జర్ లేని విద్యుత్ స్కూటరును పూర్తి స్కూటరు అనలేమన్న భావన దాని వెనుక ఉంది. అది సబ్సిడీ లెక్క, భద్రత లెక్క కాదు. అయినా ఆ ఆలోచన గుర్తుంచుకోదగ్గది.

ఒక కారు, మూడు కథలు

ఊహించుకుందాం. నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఒక అధ్యాపకురాలు 2024లో పాత విద్యుత్ కారు కొన్నారు. 2020 ఫిబ్రవరిలో తయారై, చెన్నైలో ఒకరి పేరున తిరిగి, కన్సల్టెన్సీ ద్వారా వచ్చింది. తమిళనాడు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. ఇప్పుడు రీకాల్ ప్రకటన వచ్చింది.

మొదటి కథలో లోపం కంపెనీ కారుతో ఇచ్చిన కేబుల్‌లో ఉంది. ఇది తేలిక. రీకాల్ చాసిస్ నంబరుకు అంటుకుని ఉంటుంది కాబట్టి కారు ప్రస్తుతం ఎవరిదైతే మరమ్మతు వారికే. కానీ కంపెనీ పుస్తకాల్లో ఉన్నది చెన్నై చిరునామా, పాత యజమాని ఫోను నంబరు. ఉత్తరం అక్కడికి వెళ్తుంది. ఆర్సీ పేరు మార్పు రవాణా శాఖ రికార్డులో జరిగింది, కంపెనీ రికార్డులో జరగలేదు. రెండూ వేర్వేరు పుస్తకాలని చాలామందికి తట్టదు. రీకాల్ మందు సాఫ్ట్‌వేర్ రూపంలో వస్తే ఇంకో తిరకాసు. కారు యాప్ ఖాతా పాత యజమాని పేరునే ఉండిపోతే, కరెంటు తగ్గించడానికి అనుమతి అడిగే సందేశం చెన్నైలోని ఫోనులో మోగుతుంది.

ఆ మందు ధర కూడా లెక్కించాలి. పదిహేను ఆంపియర్ల నుంచి పదికి తగ్గిస్తే చెడ్డ పిన్ను దగ్గర వేడి 22.5 నుంచి 10 వాట్లకు, అంటే సగానికంటే కిందికి దిగుతుంది. ముప్పై యూనిట్ల బ్యాటరీ నిండడానికి మాత్రం, నష్టాలు వదిలేసి చూస్తే, తొమ్మిది గంటల లోపు పట్టేది పదమూడు గంటలవుతుంది. రాత్రి తొమ్మిదికి పెడితే తరగతి వేళకు తెమలదు. సమస్య తీరిందని కంపెనీ రాసుకుంటుంది, ఆమె పొద్దు మాత్రం మారిపోతుంది.

రెండో కథలో లోపం పాత యజమాని ఆన్‌లైన్‌లో కొన్న అడాప్టర్‌లో ఉంది. కారు కంపెనీకి దీనితో సంబంధం లేదు. ఆమె దగ్గర దాని బిల్లు లేదు. అయినా చేతులు ఖాళీ కావు. ప్రతిఫలం ఇచ్చి కొన్నవారే వినియోగదారు అని చట్టం అంటుంది, కొత్త సరుకే కొనాలని అనదు. అడాప్టర్ ధర కారు ధరలో కలిసి ఉందని వాదించే వీలుంది. ఎవరి మీద అన్నదే మెలిక. పాత యజమాని వ్యాపారి కాదు కాబట్టి ఉత్పత్తి విక్రేత నిర్వచనంలోకి రారు. కన్సల్టెన్సీ వ్యాపారంగా అమ్మింది. తయారీదారు ఎవరో తెలియని సరుకు అమ్మితే ఆ భారం అమ్మిన వ్యాపారి మీద పడవచ్చని 86వ సెక్షన్ చెబుతుంది. "చార్జర్ కూడా ఉంది సార్" అన్న మాట బరువు ఇక్కడ తెలుస్తుంది. ఉచితంగా ఇచ్చాను, అమ్మలేదు అని కన్సల్టెన్సీ తప్పుకోవాలని చూడవచ్చు. వస్తువును మార్చారని, తప్పుగా వాడారని తేలితే అమ్మినవారి మీద దావా నిలవదని 87వ సెక్షన్ అంటుంది.

ఇదే చట్టంలో ఒక విచిత్రం కూడా ఉంది. ఉత్పత్తి బాధ్యత కింద "హాని" అంటే ఆ ఉత్పత్తికే జరిగిన నష్టం కాదు, దానివల్ల వేరే ఆస్తికి, మనుషులకు జరిగినది. మాడిన గోడ లెక్కలోకి వస్తుంది, మాడిన అడాప్టర్ రాదు. మరి కారు చార్జింగ్ పోర్టు కరిగితే? అడాప్టర్ విడి వస్తువైతే కారు "వేరే ఆస్తి" అవుతుంది, పరిహారం అడగవచ్చు. అడాప్టర్ కారులో భాగమైతే కారు తనకు తానే హాని చేసుకున్నట్టు. మొదటి కథలో భాగం కావడం మేలు చేసింది, ఇక్కడ విడిగా ఉండడం మేలు చేస్తుంది. అందుకే దావాలో ఎదుటి పక్షం కూడా సందర్భాన్ని బట్టి మాట మారుస్తుంది.

మూడో కథ నాకు అన్నిటికంటే నిజమనిపిస్తుంది. కన్సల్టెన్సీ షెడ్డులో ఒకే కంపెనీ కార్లు రెండు ఉంటే, కేబుళ్ళు తారుమారు కావడానికి కుర్రాడి ఒక్క పొరపాటు చాలు. ఆమె తన చాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూస్తే రీకాల్ ఏమీ లేదని వస్తుంది. డిక్కీలో మాత్రం వేరే కారుతో పుట్టిన, రీకాల్ అయిన కేబుల్ ఉంటుంది. ఆ వేరే కారు ఒంగోలు కర్నూలు రోడ్డులో ఎవరి దగ్గరో ఉంది. అతనికి హెచ్చరిక వస్తుంది, కొత్త కేబుల్ కూడా వస్తుంది, అతని పాత కేబుల్‌లో లోపం అసలే లేదు. కాగితం మీద రీకాల్ నూటికి నూరు శాతం పూర్తవుతుంది. కారుకు పదిహేడు అక్షరాల నంబరు ఉంది, అది ఆర్సీలో ఉంది. కేబుల్‌కు కూడా సీరియల్ నంబరు ఉంటుంది గానీ, అది దాని పొట్ట మీది స్టిక్కరులోనే. ఏ ఆర్సీలోనూ ఉండదు. ఎండలో రెండేళ్ళు మగ్గిన స్టిక్కరు మీద ఆ అంకెలూ ఉండవు.

ఎవరి మాటలో ఎంత న్యాయం

కంపెనీల వాదనను తీసిపారేయడం తేలికే గానీ అది న్యాయం కాదు. చేయి మారిన సంగతి తమకు ఎవరూ చెప్పరని, నకిలీ అడాప్టర్ వాడి తమ కేబుల్ మాడిందని వచ్చేవారు ఉంటారని, ఇంటి వైరింగు తమ చేతిలో లేదని వాళ్ళు అంటారు. ఇందులో మొదటి రెండూ నిజమైన ఇబ్బందులు. మూడోదానికి ఫోర్డ్ ఉదాహరణే జవాబు.

యజమానుల వైపు నుంచి చూస్తే, రవాణా శాఖ వాహన్ డేటాబేసులో ఇప్పటి యజమాని పేరు, చిరునామా ఉన్నాయి, రీకాల్ ఉత్తరం దాని ఆధారంగా పంపితే సరిపోతుంది కదా అన్నది సహజమైన ప్రశ్న. అమెరికాలో చట్టం కోరేది అదే. రాష్ట్ర రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరుంటే వారికే తపాలా వెళ్ళాలి. మన దగ్గర వాహన డేటాను పెద్దమొత్తంలో ప్రైవేటు సంస్థలకు అమ్మే విధానం 2019లో వచ్చి, గోప్యతకు ముప్పన్న కారణంతో 2020లో రద్దయింది. ఆ జంకు అర్థం చేసుకోదగ్గదే. కానీ డేటాను కంపెనీ చేతిలో పెట్టకుండా, చాసిస్ నంబర్ల జాబితాను కంపెనీ నుంచి తీసుకుని సందేశాన్ని రవాణా శాఖే పంపితే గోప్యత చెడదు. చలానా సందేశం పంపగలిగిన వ్యవస్థకు ఇది అసాధ్యమని నేను నమ్మను. మూడో కథలోని తారుమారును మాత్రం ఏ డేటాబేసూ పట్టుకోలేదు.

కన్సల్టెన్సీల గురించి రెండు మాటలు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అధీకృత డీలరుకు వాహనం అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలిపితే అది అమ్ముడయ్యేదాకా డీలరే యజమాని కింద లెక్క. ఆ మధ్యకాలంలో వచ్చిన రీకాల్ కబురు విననట్టు ఊరుకోవడానికి అతనికి వీలు తగ్గింది. అధీకృతం కాని చోట, సంతకం పెట్టిన ఖాళీ ఫారాలతో నెలల తరబడి నిలబడే కార్లకు ఇది వర్తించదు.

2027 ఫిబ్రవరి

చివరి ముడి వయసుది. మన రీకాల్ నిబంధన ఏడేళ్ళ లోపు వాహనాలకే వర్తిస్తుంది. అమెరికాలో ఉచిత మరమ్మతు హక్కు పదిహేనేళ్ళు. పెట్రోలు కారు విషయంలో ఏడేళ్ళు ఎలా ఉన్నా, విద్యుత్ కారు విషయంలో ఈ గీత ఇబ్బందికరమైన చోట పడింది. జనం నోళ్ళలో నానిన తొలి తరం విద్యుత్ కార్లు, నెక్సాన్ ఈవీ, ఎంజీ జడ్‌ఎస్ ఈవీ లాంటివి, మన మార్కెట్లోకి వచ్చింది 2020 జనవరిలో. అంటే ఆ కార్లు రెండో చేతికి, మూడో చేతికి చేరి, కేబుల్ పిన్నులు వదులయ్యే వేళకు గడువు ముగుస్తుంది.

గీత దాటాక స్వచ్ఛంద రీకాల్‌కు అడ్డు లేదు, వినియోగదారుల చట్టమూ ఉంటుంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైను ఉంది, నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళ లోపు ఫిర్యాదు వేయవచ్చు. ప్రభుత్వం ఆదేశించి చేయించే రీకాల్ మాత్రం అందదు. మాగుంట లేఔట్‌లోని ఆ ఊహాకారుకు 2027 ఫిబ్రవరితో ఏడేళ్ళు నిండుతాయి. డిక్కీలోని కేబుల్ వయసు ఎంతో, స్టిక్కరు చెరిగిపోయింది కాబట్టి, ఆమె చెప్పలేరు.